వదిన చీరల పుణ్యమా అని వచ్చిన ఫొటో ఎడిటింగ్

ఫొటో ఎడిటింగ్ నేర్చుకుందామని యూట్యూబ్‌లో వెతికితే ముందు వచ్చేవన్నీ ఒకటే రకం. బైక్ పక్కన నిలబడ్డ కుర్రాడి వెనక ఆకాశం మార్చేయడం, మొహం తెల్లగా చేయడం, పచ్చటి చెట్లని నారింజ రంగులోకి తిప్పేయడం. నాకు కావాల్సింది దానికి పూర్తిగా తలకిందులు. చేతిలో ఉన్న చీర ఏ రంగులో ఉందో ఫొటోలో కూడా అదే రంగులో కనపడాలి, అంతకుమించి ఏమీ వద్దు. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది గానీ, బేసిక్స్ అని చెప్పేవన్నీ దాదాపుగా ఈ ఒక్క పనిలోనే వచ్చేస్తాయి. పైగా ఒక సౌకర్యం ఉంది, ఎడిట్ సరిగ్గా వచ్చిందా లేదా అని ఎవర్నీ అడగక్కర్లేదు, చీర పక్కనే పెట్టుకుని చూసుకుంటే తెలిసిపోతుంది.

మా వదిన మంగళగిరి చీరలు వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతుంది. నిజాం బోర్డర్ కాటన్ చీరలు, పట్టు కలిసినవి, డ్రెస్ మెటీరియల్. చీర బాగుంటుంది, ధర బాగుంటుంది, పార్సిల్ అందాక మాత్రం ఒక మెసేజ్ వస్తుంది: "అక్కా, ఫొటోలో రామా గ్రీన్‌లా ఉంది కదా, ఇదేంటి ఇంత నీలంగా ఉంది?" అమ్మేవాళ్లందరూ ఫొటో కింద "లైటింగ్ వల్ల రంగులో కొద్దిగా తేడా ఉండొచ్చు" అని ఒక లైను పడేసి చేతులు దులుపుకుంటారు. వదినకి అలా కుదరదు, ఆవిడకి ఉన్నదంతా పాత కస్టమర్లే, తిరిగొచ్చిన చీరకి రెండు వైపులా కొరియర్ ఖర్చు ఆవిడే పెట్టుకుంటుంది. "రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటావుగా, ఈ రంగుల గోలేంటో చూసిపెట్టు" అని నాకు అప్పజెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి కంప్యూటర్‌లో అన్నీ వచ్చేస్తాయనే నమ్మకం మన ఇళ్లలో ఇంకా చెక్కుచెదరలేదు.

ముందు అర్థం చేసుకోవాల్సింది వైట్ బ్యాలెన్స్, అంటే తెల్లటిది ఫొటోలో కూడా తెల్లగానే కనపడేలా రంగుల్ని సర్దడం. మిగతావన్నీ దీని తర్వాతే, ఇది కుదరకుండా ఏ స్లైడర్ జరిపినా తప్పుడు రంగుని ఇంకాస్త అందంగా చేయడమే అవుతుంది. మన కంటికి ఒక అలవాటు ఉంది, పసుపు బల్బు కింద అయినా, ట్యూబ్‌లైట్ కింద అయినా, చెట్టు నీడలో అయినా తెల్ల కాగితాన్ని తెల్లగానే చూపిస్తుంది, వెలుతురులో ఉన్న రంగుని అది తనంతట తానే తీసేసుకుంటుంది. కెమెరాకి ఆ తెలివి లేదు కాబట్టి ఊహిస్తుంది. పాత రకం ఆటో పద్ధతి ఏంటంటే, ఫ్రేములో ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి అనుకుని, ఆ లెక్కకి రంగుల్ని అటూ ఇటూ జరపడం. ఇప్పటి ఫోన్లు ఇంతకన్నా తెలివైనవే, కానీ ఫ్రేమంతా ఒకే రంగు నిండినప్పుడు అవి కూడా తడబడతాయి. చీర ఫొటో అంటే అదే కదా, ఈ చివర నుంచి ఆ చివర దాకా కనకాంబరం రంగే ఉంటుంది. ఇంత నారింజ ఉందంటే లైటులోనే ఏదో తేడా ఉందనుకుని ఫోన్ దాన్ని నీలం వైపు లాగుతుంది, కనకాంబరం కాస్తా పాలిపోయిన గులాబీ అవుతుంది. రామా గ్రీన్ గొడవ కూడా ఇలాంటిదే.

దీనికి మందు చాలా చవక. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయడం, తర్వాత కత్తిరించేయొచ్చు. ఫోన్‌లో స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్ తెరిస్తే టూల్స్‌లో వైట్ బ్యాలెన్స్ ఉంటుంది, అందులో ఐడ్రాపర్ (మందు చుక్కలు వేసే గొట్టం) బొమ్మ నొక్కి దాన్ని ఆ కాగితం మీదకి తీసుకెళ్తే, కాగితం తెల్లబడుతుంది, దాంతో పాటు చీర కూడా తన అసలు రంగులోకి వస్తుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు వదిన "అరె, ఇదీ చీర!" అంది, నేను చేసిందల్లా ఒక వేలు జరపడం. ఒక్క జాగ్రత్త ఏంటంటే, ఆ కాగితం ఎండ పడి పూర్తిగా తెల్లగా మాడిపోయి ఉండకూడదు. అలా అయిపోతే అందులో ఏ రంగు ఎక్కువైందో చెప్పే సమాచారమే మిగలదు. మామూలు ప్రింటర్ కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థాల వల్ల అవి కొంచెం నీలం వైపు ఉంటాయి, గ్రే కార్డ్ అని బూడిద రంగు అట్ట అమ్ముతారు, పట్టింపు ఎక్కువున్నవాళ్లు అది కొనుక్కోవచ్చు. మాకు ఇప్పటివరకు కాగితమే సరిపోయింది.

వెలుతురు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలు కూడా ఒకసారి చూసి వదిలేస్తే మంచిది. పాత ఫిలమెంట్ బల్బు దాదాపు 2700, మధ్యాహ్నం ఎండ దాదాపు 5500, నీడలో 7000 పైనే. అంకె పెరిగే కొద్దీ వెలుతురు నీలంగా మారుతుంది. మరి ఎడిటింగ్ యాప్‌లో టెంపరేచర్ స్లైడర్‌ని కుడివైపుకి, అంటే పెద్ద అంకె వైపుకి జరిపితే ఫొటో పసుపుగా అవుతుందేంటి? ఎందుకంటే "ఈ ఫొటో అంత నీలం వెలుతురులో తీసింది" అని మనం యాప్‌కి చెబుతున్నాం, అది ఆ నీలానికి విరుగుడు వేస్తుంది. ఇది బుర్రకెక్కే దాకా నాకు ఆ స్లైడర్ మీద పీకల దాకా కోపం ఉండేది.

వైట్ బ్యాలెన్స్ చేతిలోకి వచ్చాక కూడా కొన్ని ఫొటోలు లొంగలేదు. కారణం యాప్‌లో లేదు, వదిన వాళ్ల హాల్లో ఉంది. గోడలకి చిలకపచ్చ రంగు వేయించారు, ఆ గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు చీర మీద కూడా ఆ పచ్చదనాన్ని పూస్తుంది. పైన ట్యూబ్‌లైట్, పక్కన కిటికీ. చీర సగం కిటికీ వైపు నీలంగా, సగం లైటు వైపు పచ్చగా. ఇలా రెండు రకాల వెలుతురు కలిసిన ఫొటోని ఒక్క స్లైడర్‌తో బాగుచేయడం ఎవరి తరమూ కాదు, ఒక వైపు సరిచేస్తే ఇంకో వైపు చెడుతుంది. లైటు ఆపేసి, తూర్పు వరండాలో నేరుగా ఎండ పడని చోట తెల్ల దుప్పటి పరిచి తీయమన్నాను. ఎడిటింగ్ గురించిన పోస్టులో ఫొటో తీయడం గురించి చెబుతున్నానేంటి అనుకోవద్దు, ఆ దుప్పటి వల్ల నాకు తగ్గినంత పని ఏ యాప్ వల్లా తగ్గలేదు.

తర్వాతది ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుతురుగా రావాలనేది. ఇక్కడా కెమెరా ఊహే. ఎదురుగా ఉన్నది మరీ తెలుపూ కాదు మరీ నలుపూ కాదు, మధ్యస్థంగా ఉండే బూడిద రంగు అనుకుని అది వెలుతురు లెక్క కడుతుంది. అందుకే హాఫ్ వైట్ చీర మాసిపోయినట్టు వస్తుంది, నల్ల చీర తీస్తే వెలిసిపోయిన బొగ్గు రంగులో వస్తుంది. తెల్ల చీరకి బ్రైట్‌నెస్ కొంచెం పెంచాలి, నల్ల చీరకి తగ్గించాలి. వినడానికి వింతగా ఉంటుంది, నల్లటిదాన్ని ఇంకా చీకటి చేయడమేంటని, కానీ చేసి చూస్తే నలుపు నలుపులా నిలబడుతుంది.

ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనేదానికి కంటిని నమ్ముకోకూడదు, హిస్టోగ్రామ్ చూడాలి. కొండల వరసలాగా ఉండే ఆ గ్రాఫ్‌ని చూసి భయపడి చాలామంది మూసేస్తారు గానీ అందులో ఉన్నది చిన్న సంగతే. ఎడమ చివర 0 అంటే నలుపు, కుడి చివర 255 అంటే తెలుపు, ఏ వెలుతురులో ఎన్ని పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చుక్కలు, ఉన్నాయో ఆ ఎత్తు చెబుతుంది. గ్రాఫ్ కుడి గోడకి అతుక్కుపోయి నిలబడితే అక్కడ వివరం పోయిందని అర్థం, 255 దగ్గర ఆగిపోయిన పిక్సెల్‌ని తర్వాత ఎంత చీకటి చేసినా బూడిద మచ్చే వస్తుంది తప్ప నేత కనపడదు. జరీ మెరిసే చోట అలా పోయినా పర్వాలేదు, జరీ అంటేనే మెరుపు. చీర ఒంట్లో పోతే మాత్రం బట్ట బదులు ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది.

రాణి పింక్ చీరలు నన్ను ఇక్కడే ఏడిపించాయి. హిస్టోగ్రామ్ చూస్తే అంతా బాగానే ఉంటుంది, చీర చూస్తే నేత లేదు, మడతలు లేవు, రంగు ముద్ద. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి, ఒక్కోదానికి 256 మెట్లు, అన్నీ హెచ్చవేస్తే 1,67,77,216 రంగులు. రాణి పింక్‌లో ఆకుపచ్చ బాగా తక్కువ, ఎరుపు విపరీతంగా ఎక్కువ. మూడూ కలిపి చూసే గ్రాఫ్‌లో సగటు బాగానే కనపడుతుంది, లోపల ఎరుపు ఒక్కటే 255 దాటి తెగిపోయి ఉంటుంది. ఒక్కో రంగుకి విడిగా గ్రాఫ్ చూస్తేనే దొంగ దొరుకుతాడు. ఆ ఫొటోని ఎడిటింగ్‌లో బతికించలేం, మళ్లీ తీయాల్సిందే. తీసేటప్పుడు తెర మీద చీరని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగి, కాస్త చీకటిగా తీసి, తర్వాత ఇంట్లో కూర్చుని మెల్లగా వెలుతురు పెంచుకోవాలి. చీకట్లో ఉన్న వివరం కొంతైనా బయటికొస్తుంది, మాడిపోయింది రాదు.

రంగుల గాఢత పెంచే శాచురేషన్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, దాని జోలికి పోకండి. పెంచగానే ఫొటో కళకళలాడుతుంది, గ్రూపులో హార్ట్‌లు వస్తాయి, ఆ తర్వాత రిటర్న్‌లు వస్తాయి.

ఫోన్‌లో ఈ పనులన్నిటికీ నేను వాడేది స్నాప్‌సీడే. 2012లో గూగుల్ కొనేసిన యాప్ ఇది, ఉచితం, ప్రకటనలు లేవు. వెర్షన్‌ని బట్టి మెనూలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ పనిముట్లు అవే. ట్యూన్ ఇమేజ్‌లో తెర మీద వేలు పైకీ కిందకీ జరిపితే ఏ మార్పు కావాలో ఎంచుకోవడం, పక్కకి జరిపితే ఎంత కావాలో చెప్పడం. నాకు అన్నిటికన్నా నచ్చింది సెలెక్టివ్. బోర్డర్ బాగుంది, కొంగు దగ్గర మాత్రం చీకటి పడింది అనుకోండి, కొంగు మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధిని పెంచి తగ్గించి, అక్కడికి మాత్రమే వెలుతురు ఇవ్వొచ్చు. రెండు వేళ్లూ ఆనించినప్పుడు ఆ మార్పు ఎంతవరకు పాకుతుందో ఎర్రగా చూపిస్తుంది. ఆ చుక్క కింద ఉన్న రంగుకి దగ్గరగా ఉన్న రంగుల్నే పట్టుకుంటుంది కాబట్టి పక్కనున్న తెల్ల దుప్పటి జోలికి పెద్దగా పోదు. చేసిన ప్రతి మార్పూ ఒక వరసలో దాచి ఉంటుంది, వెనక్కి వెళ్లి మధ్యలో ఉన్నదాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, కొత్తవాళ్లకి ఇంతకన్నా ధైర్యం ఇచ్చేది లేదు.

హీలింగ్ టూల్‌తో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. దుప్పటి మీద వెంట్రుక, చీరకి గుచ్చిన పిన్ను, మూల పట్టుకున్న వేలు, ఇవి తీసేయడానికి బాగుంటుంది. ఒకసారి చీర మధ్యలో చిన్న ముడి కనపడింది, పోగు తెగితే నేసేవాళ్లు కలిపి ముడేస్తారు కదా అది. తుడిచేద్దామా అని అడిగితే వదిన వద్దంది. "అది చీరలో ఉన్నది, ఫొటోలో తీసేస్తే చీరలోంచి పోతుందా?" అప్పట్నుంచి మా ఇద్దరికీ అదే లెక్క. దుప్పటి మీద ఉన్నది తీసేస్తాం, చీర మీద ఉన్నది ఉంచుతాం.

లాప్‌టాప్‌లో గింప్ మొదలుపెట్టాను. 1996లో మొదటిసారి బయటికొచ్చిన ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇది, అమెరికాలో బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు రాయడం మొదలుపెట్టారు. 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లో, వేసిన ఫిల్టర్‌ని తర్వాత మళ్లీ తెరిచి మార్చుకునే వీలు పెట్టారు, అంతకుముందు వేస్తే వేసినట్టే. మొదటి రోజే అందరికీ తగిలే చిక్కు ఏంటంటే, సేవ్ కొడితే అది ఎక్స్‌సీఎఫ్ అనే దాని సొంత ఫైలుగా సేవ్ అవుతుంది, వాట్సాప్‌లో పంపుదామంటే కుదరదు. జేపెగ్, అంటే అందరూ పంపుకునే మామూలు ఫొటో ఫైలు, కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. నిజానికి అదే మంచి పద్ధతి, లేయర్లన్నీ, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫొటో పొరలన్నీ, ఎక్స్‌సీఎఫ్‌లో భద్రంగా ఉంటాయి.

గింప్‌లో నా రోజువారీ పని వెలుతురునీ రంగునీ సర్దే లెవెల్స్ దగ్గర అయిపోతుంది. అక్కడ మూడు డ్రాపర్లు ఉంటాయి, నలుపు, బూడిద, తెలుపు. బూడిద డ్రాపర్‌తో కాగితం నీడ పడ్డ చోట నొక్కితే రంగు సర్దుకుంటుంది. పక్కనే ఆటో బటన్ ఉంటుంది, ప్రకృతి దృశ్యాలకి అది బాగానే పనిచేస్తుంది, చీరకి మాత్రం వాడకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడిట్నీ విడివిడిగా ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగదీస్తుంది అది. మెంతి రంగు చీరలో నీలం సహజంగానే తక్కువ ఉంటుంది, ఆ తక్కువని కూడా లాగి నింపేస్తే మెంతి రంగు ఇంక ఎక్కడుంటుంది? లేయర్ మాస్క్ గురించి భయపెట్టేలా చెబుతారు గానీ, పై లేయర్‌కి తగిలించిన మాస్క్‌లో తెల్లగా పూసిన చోట పై ఫొటో కనపడుతుంది, నల్లగా పూసిన చోట కింద ఫొటో కనపడుతుంది, అంతే సంగతి. ఒంటికి ఒక సర్దుబాటు, జరీకి ఇంకో సర్దుబాటు కావాల్సినప్పుడు ఇది లేకుండా కుదరదు.

జేపెగ్ గురించి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మనం కష్టపడి తెచ్చిన రంగు చివర్లో పోయేది అక్కడే. ఫొటోని 8 పిక్సెళ్లు అడ్డం, 8 నిలువు ఉండే గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని వివరాన్ని వదిలేసి, ఫైల్ సైజు తగ్గిస్తుంది ఇది. ఈ ప్రమాణం 1992లో వచ్చింది, దాని వెనక ఉన్న గణితం మాత్రం 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనే ముగ్గురు ప్రచురించిన పేపర్‌లోది. పేర్లు చూశారుగా, ప్రపంచమంతా రోజూ పంపుకునే ఫొటోల్లో మన పేర్లు దాక్కుని ఉన్నాయి, స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు. సరే, విషయానికొస్తే, ఎడిట్ చేసి సేవ్ చేసిన జేపెగ్‌ని మళ్లీ తెరిచి, మళ్లీ ఎడిట్ చేసి, మళ్లీ సేవ్ చేస్తే జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు నాణ్యత దిగిపోతూ ఉంటుంది. అసలు ఫొటో ఎప్పుడూ పక్కన ముట్టుకోకుండా ఉండాలి. ఇంకోటి, కన్ను వెలుతురులో తేడాని పట్టినంతగా రంగులో తేడాని పట్టదు కాబట్టి, జేపెగ్ సాధారణంగా నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకటే రంగు సమాచారం దాస్తుంది. మనుషుల ఫొటోల్లో తెలియదు. పచ్చ చీర మీద సన్నటి ఎర్ర గీతల గళ్లు ఉంటే మాత్రం అంచులు అలుక్కుపోతాయి. ఆ రకం చీరలకి దగ్గర్నుంచి ఇంకో ఫొటో తీయడమే దారి.

వాట్సాప్ మళ్లీ దాన్ని ఇంకోసారి నొక్కుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ పెట్టుకుంటే కాస్త నయం, కస్టమర్ మరీ అడిగితే డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇంత చేశాక కూడా అవతలి ఫోన్ మన చేతిలో లేదు. చాలా ఫోన్లలో డిస్‌ప్లే సెట్టింగు వివిడ్‌లో ఉంటుంది, అది అన్ని రంగుల్నీ రెట్టింపు హుషారుగా చూపిస్తుంది. ఎడిట్ చేసే ఫోన్‌ని నాచురల్‌కి మార్చుకోవాలి, లేకపోతే మన ఫోన్ చూపించే అబద్ధానికి మనం కొలతలు వేసుకుంటూ కూర్చుంటాం. వదిన కస్టమర్లలో సగం మంది పనులన్నీ అయ్యాక రాత్రి పడుకుని చీరలు చూస్తారు, అప్పటికి ఫోన్‌లో కళ్లు అలసిపోకుండా నీలం వెలుతురు తగ్గించే ఐ కంఫర్ట్ ఆన్ అయి తెరంతా పసుపు పచ్చగా ఉంటుంది. ఉల్లిపొర రంగు చీర అందులో ఏ రంగులో కనపడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని ఫొటో కింద ఇప్పుడు "లైటింగ్ వల్ల తేడా" లైను తీసేసి, "ఐ కంఫర్ట్ ఆపి చూడండి" అని రాస్తోంది. కొందరు ఫోన్ చేసి అది ఎక్కడుంటుందో అడుగుతున్నారు, ఆవిడకి అదొక అదనపు సర్వీసు అయింది.

ఇప్పటికీ లొంగనిది నెమలికంఠం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, నీలంలో పచ్చ కలిపి నేస్తారు, చీర కదిలితే రంగు మారుతుంది. ఒక్క ఫొటోలో ఏదో ఒకటే వస్తుంది, రెండు కోణాల్లో తీసి పక్కపక్కన పెట్టి కొలాజ్ చేస్తే కొంత నయం. పైగా అంత గాఢమైన నీలిపచ్చల్లో కొన్ని, మామూలు ఫోన్ ఫొటోలు వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో అసలు ఉండనే ఉండవు, స్లైడర్‌తో ఎంత తన్నుకున్నా లేని రంగు రాదు. వాటికి మాత్రం వదిన మేడ మీద పొద్దున ఎండలో కొంగు అటూ ఇటూ తిప్పుతూ చిన్న వీడియో తీసి పంపుతోంది. మొన్న ఆ వీడియోల్లో కూడా రంగు కాస్త తేడాగా వస్తోంది చూడమంది. నా వల్ల కాదు, అది ఇంకో చదువు అని చెప్పాను, కానీ ఆవిడ అప్పటికే ఫైళ్లన్నీ పంపేసింది.